మెడ రక్తనాళంలో పూడిక: మందులా, ఆపరేషనా, స్టెంటా? ఎలా తేల్చుకోవాలి

మెడ నాళాల డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్) రిపోర్టులో పూడిక 70 శాతం, 80 శాతం అని కనపడగానే ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: స్టెంట్ వేయించాలా, ఆపరేషన్ చేయించాలా? మా నాన్నగారి రిపోర్టు చేతికొచ్చిన రోజు నేనూ డాక్టర్‌ని అదే అడిగాను. తర్వాత అర్థమైంది, అది మూడో ప్రశ్న. ఆ పూడిక వల్ల ఇప్పటికే ఏదైనా లక్షణం కనపడిందా అన్నది మొదటిది, కనపడి ఉంటే ఎన్ని రోజులైంది అన్నది రెండోది. ఈ రెండూ తేలకుండా శాతం ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటే రెండు రకాలుగా దెబ్బతింటాం. అవసరం లేని మనిషి ఆపరేషన్ టేబుల్ ఎక్కుతాడు, అత్యవసరమైన మనిషేమో వచ్చే నెల అపాయింట్‌మెంట్ కోసం ఇంట్లో కూర్చుంటాడు.

నాన్నకి అప్పుడు 71 ఏళ్లు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయారు. కుడిచేతి వేళ్లు గుండీని పట్టుకుంటున్నాయి కానీ కాజాలోకి దూర్చలేకపోతున్నాయి. "ఏంట్రా ఇది, వేళ్లు మాట వినట్లేదు" అన్నారు, ఆ మాట కూడా ముద్దముద్దగా వచ్చింది. ఏడెనిమిది నిమిషాల్లో అంతా సర్దుకుంది, మిగతా గుండీలు ఆయనే పెట్టేసుకున్నారు. రాత్రి సరిగా నిద్ర లేదు కదా, అందుకే అయ్యుంటుంది అనుకుని ఊరుకున్నాం. మర్నాడు సాయంత్రం గానీ ఆస్పత్రికి వెళ్లలేదు. ఆ ఒకటిన్నర రోజు ఎంత ప్రమాదంలో గడిపామో తెలిశాక చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు. ఇదంతా కూర్చుని రాయడానికి కారణం కూడా అదే.

అసలు ఏం జరుగుతుందంటే

మెడకి రెండు వైపులా చెయ్యి పెడితే కొట్టుకునేవే కెరోటిడ్ ధమనులు. దవడ మూల కింద ఒక్కోటీ రెండుగా చీలుతుంది, ఒకటి ముఖానికి, ఒకటి మెదడుకి. ఆ చీలిక దగ్గర రక్తం సుడి తిరుగుతుంది కాబట్టి కొవ్వు, సున్నం పేరుకోవడం అక్కడే మొదలవుతుంది. చాలామంది అనుకునేది, నాళం మూసుకుపోయి మెదడుకి రక్తం అందక స్ట్రోక్ వస్తుందని. అలా జరిగేది కొంతమందిలోనే. ఎక్కువమందిలో ఆ పూడిక పైపొర చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, అందులోంచి ఒక ముక్క ఊడి పైకి కొట్టుకుపోయి మెదడులోని ఏదో సన్న నాళంలో ఇరుక్కుంటుంది. మెదడు అడుగున నాళాలన్నీ ఒక వలయంలా కలిసి ఉంటాయి కాబట్టి ఒక వైపు ప్రవాహం నెమ్మదిగా తగ్గినా రెండో వైపు నుంచి అందుతుంది. అందుకే 90 శాతం పూడికతో ఏళ్ల తరబడి ఏమీ కాని వాళ్లున్నారు, 60 శాతంతో చెయ్యీ కాలూ పడిపోయిన వాళ్లూ ఉన్నారు. శాతం ముఖ్యమే, కానీ ఆ పూడిక కదలకుండా ఉందా, చిట్లుతూ ఉందా అన్నది ఇంకా ముఖ్యం. లక్షణం కనపడిందీ అంటే చిట్లుతోందని అర్థం.

ఏది లక్షణం కిందకి వస్తుంది, ఏది రాదు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

లెక్కలోకి వచ్చేవి ఇవి: ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ ముఖం గానీ ఉన్నట్టుండి బలం తప్పడం లేదా మొద్దుబారడం, మూతి ఒక వైపు జారడం, మాట ముద్దగా రావడం, నోటికి మాట అందకపోవడం, ఎదుటివాళ్లు అన్నది అర్థం కాకపోవడం. ఇంకొకటి చాలామందికి తెలియదు, ఒక కంటికి మాత్రమే పైనుంచి తెర దించినట్టు చీకటి కమ్మి కొన్ని నిమిషాల్లో తొలగిపోవడం. కెరోటిడ్ నుంచి మెదడు వైపు వెళ్లే నాళం ముందు కంటికే కొమ్మ వేస్తుంది, అందుకే ముక్క ఊడితే ఒక్కోసారి కన్ను ముందు దెబ్బతింటుంది. దీన్ని కంటి జబ్బు అనుకుని అద్దాలు మార్పించుకునే వాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి. కంటి లక్షణం పూడిక ఉన్న వైపే వస్తుంది, చెయ్యి కాలు లక్షణం ఎదుటి వైపు వస్తుంది. మా నాన్నకి కుడిచెయ్యి ఆగింది, పూడిక దొరికింది ఎడమ నాళంలో. మాట కూడా తడబడిందంటే అది ఇంకా సరిపోయింది, ఎక్కువమందిలో మాటకి సంబంధించిన కేంద్రాలు ఎడమ మెదడులోనే ఉంటాయి.

లెక్కలోకి రానివి: ఒట్టి తల తిరగడం, కళ్లు తిరిగి పడిపోవడం, రెండు చేతులూ తిమ్మిరెక్కడం, తలనొప్పి, మతిమరుపు. వీటికి చెవి లోపలి సమస్య, బీపీ పడిపోవడం, గుండె లయ, నరాలు, ఇలా వేరే కారణాలు వెతకాలి. తల తిరుగుతోందని స్కాన్ చేయిస్తే ఎక్కడో ఒక పూడిక కనపడుతుంది, దాన్నీ దీన్నీ ముడిపెట్టి ఆపరేషన్‌కి పంపించేస్తారు, తీరా అయ్యాక తల తిరగడం అలాగే ఉంటుంది. మీకు చెప్పిన కారణం తల తిరగడమే అయితే రెండో న్యూరాలజిస్ట్ అభిప్రాయం తీసుకోండి, మొహమాటపడకండి.

లక్షణం వచ్చి 6 నెలల లోపు అయితేనే దాన్ని "లక్షణాలున్న పూడిక" కింద లెక్కిస్తారు. లక్షణం, పూడిక వైపు సరిపోలాలి. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందేమో ఈసీజీతో, అవసరమైతే హోల్టర్‌తో (ఒంటికి తగిలించి గంటల తరబడి గుండె లయ రాసే యంత్రం) చూడాలి, ఎందుకంటే ముక్క గుండె నుంచి వచ్చి ఉంటే మెడ నాళం శుభ్రం చేసినా అసలు మూలం అలాగే ఉండిపోతుంది, దానికి మందే వేరు.

రిపోర్టులో ఆ అంకె ఎలా వచ్చింది?

డాప్లర్ స్కాన్ పూడికని నేరుగా కొలవదు, రక్తం ఎంత వేగంగా దూసుకుపోతుందో కొలుస్తుంది. పైపు నోరు వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా, అదే సూత్రం. రిపోర్టులో పీఎస్‌వీ అన్న మూడక్షరాలు వెతకండి. అది సెకనుకి 125 సెంటీమీటర్లు దాటితే పూడిక 50 శాతం పైన, 230 దాటితే 70 శాతం పైన అని సాధారణంగా లెక్క వేస్తారు. స్కాన్ చేసే మనిషి చెయ్యి బట్టి ఇది కొంచెం మారుతుంది. రెండో వైపు నాళం పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఈ వైపు ప్రవాహం ఎక్కువై, పూడిక ఉన్నదాని కన్నా ఎక్కువగా కనపడుతుంది. అందుకే డాప్లర్ ఒక్కదాని మీదే ఆపరేషన్‌కి ఒప్పుకోకండి, సీటీ యాంజియో గానీ ఎంఆర్ యాంజియో గానీ చేయించి సరిచూసుకోవాలి. సీటీకి వాడే రంగు మందు కిడ్నీ సరిగా పనిచేయని వాళ్లకి ఇబ్బంది కాబట్టి ముందు క్రియాటినిన్ చూపించుకోండి.

మరో మెలిక ఉంది. శాతం కొలిచే పద్ధతులు రెండు. నాసెట్ (ఉత్తర అమెరికాలో పేషెంట్లని రెండు గుంపులు చేసి మందుల్నీ ఆపరేషన్‌నీ పోల్చిన పెద్ద పరీక్ష) పద్ధతిలో సన్నబడ్డ చోటుని పైనున్న మామూలు నాళంతో పోలుస్తారు, పాత యూరప్ పద్ధతిలో అదే చోట నాళం అసలు వెడల్పు ఎంత ఉండి ఉంటుందో అంచనా వేసి దాంతో పోలుస్తారు. ఒకే నాళం నాసెట్‌లో 70 అయితే యూరప్ లెక్కలో 80 దాటుతుంది. ఒక చోట 82, ఇంకో చోట 70 అన్నారంటే నెలలో బాగుపడిపోయిందని సంబరపడకండి, ఏ పద్ధతో అడగండి. ఈ వ్యాసంలో అంకెలన్నీ నాసెట్ లెక్కలోవే.

100 శాతం మూసుకుపోయింది అంటే మాత్రం సాధారణంగా దాన్ని తెరవరు, మందులతోనే నడిపిస్తారు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది కానీ అందులోంచి పైకి ముక్కలు పోయే దారి దాదాపు మూసుకుపోయినట్టే, తెరవబోతే ఉన్న గడ్డని మనమే పైకి తోసినట్టవుతుంది.

లక్షణాలు వచ్చిన వాళ్లకి

ఇక్కడ నా మాట సూటిగా ఉంటుంది: పూడిక 70 నుంచి 99 శాతం మధ్య ఉండి, గత కొద్ది రోజుల్లో లక్షణం వచ్చి ఉంటే, మనిషి ఆపరేషన్ తట్టుకోగలిగితే, మందులతో చూద్దాంలే అని వాయిదా వేయడం సరైన ఎంపిక కాదు. 1991లో వచ్చిన నాసెట్ ఫలితాల్లో ఇలాంటి వాళ్లలో మందులు మాత్రమే వాడిన వాళ్లకి రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ 26 శాతం మందికి వచ్చింది, ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో 9 శాతం మందికి. అప్పటి మందులు ఇప్పటంత బలమైనవి కావు, నిజమే, ఇవాళ అదే పరీక్ష పెడితే తేడా తగ్గుతుంది. అయినా ఇంత తేడా పూర్తిగా చెరిగిపోతుందని నేను నమ్మను. 50 నుంచి 69 శాతం మధ్య ఉన్నవాళ్లలో లాభం చాలా చిన్నది, ఐదేళ్లలో 22.2 శాతం బదులు 15.7 శాతం. ఇక్కడ వయసు, ఆడా మగా, మిగతా జబ్బులు అన్నీ చూసి తేల్చుకోవాలి. 50 లోపు అయితే ఆపరేషన్ వల్ల లాభం లేదు, మందులే.

ఇక రోజుల సంగతి. పెద్ద పరీక్షలన్నీ కలిపి 2004లో వేసిన లెక్క ఒకటుంది, నన్ను అన్నిటికన్నా కదిలించింది అదే. 50 శాతం పైన పూడికతో లక్షణం వచ్చిన వాళ్లకి రెండు వారాల లోపు ఆపరేషన్ చేస్తే ఐదేళ్లలో ఒక స్ట్రోక్ తప్పించడానికి 5 మందికి చేస్తే చాలు. 12 వారాలు దాటాక చేస్తే ఒక్కరిని తప్పించడానికి 125 మందికి చేయాలి. అదే ఆపరేషన్, అదే పూడిక, మారింది తేదీ మాత్రమే. కారణం తేలికే: చిట్లిన పూడిక మొదటి రోజుల్లోనే మళ్లీ మళ్లీ ముక్కలు వదులుతుంది, అందులోనూ మొదటి 48 గంటలు మరీ ప్రమాదం. వారాలు గడిచేకొద్దీ పైపొర మానుతుంది, లేదా రావాల్సిన స్ట్రోక్ వచ్చేసి ఉంటుంది. కాబట్టి లక్షణం వచ్చాక మీరు చేసే పోలికలు, రెండో అభిప్రాయాలు, బంధువుల సలహాలు అన్నీ ఆ 14 రోజుల్లోనే ముగియాలి. పెద్ద స్ట్రోక్ వచ్చి మెదడులో చాలా భాగం దెబ్బతిన్న వాళ్ల సంగతి వేరు, వాళ్లకి తొందరపడితే దెబ్బతిన్న చోట రక్తస్రావం అయ్యే భయం ఉంటుంది, డాక్టర్లు ఆగమంటే ఆగాలి.

వయసు పైబడింది కదా, ఇప్పుడెందుకు అనే మాట ఇళ్లలో బాగా వినపడుతుంది. ఆ 2004 లెక్కలోనే 75 దాటిన వాళ్లకి లాభం తక్కువ వయసు వాళ్లకన్నా ఎక్కువ వచ్చింది, ఎందుకంటే వాళ్లకి మందుల మీద ఉన్నప్పుడు స్ట్రోక్ ముప్పు ఎక్కువ. వయసు అంకె ఒక్కటే చూసి వద్దనకండి, గుండె ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడండి.

లక్షణాలు ఏమీ లేని వాళ్లకి

ఇక్కడ తొందర అక్కర్లేదు, టెన్షన్ కూడా అక్కర్లేదు. హెల్త్ చెకప్‌లో అనుకోకుండా పూడిక బయటపడ్డ వాళ్లు ఎక్కువగా ఈ గుంపులోనే ఉంటారు. అసలు లక్షణాలు లేని అందరికీ ఈ స్కాన్ చేయొద్దనే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2021లో కూడా చెప్పింది. సరే, చేయించేశారు, 75 శాతం అని వచ్చింది, ఇప్పుడేంటి?

పాత పరీక్షలు ఆపరేషన్ వైపు మొగ్గాయి. 1995లో ఏసీఏఎస్ పరీక్షలో 60 శాతం పైన పూడిక ఉన్నవాళ్లకి ఐదేళ్ల స్ట్రోక్ ముప్పు 11 శాతం నుంచి 5.1 శాతానికి తగ్గింది. అప్పట్లో మందులంటే ప్రధానంగా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు ఇంకా అందరికీ చేరలేదు. ఇప్పుడు మందులు బలపడ్డాక మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది, అదే క్రెస్ట్-2. 2025 నవంబరులో వచ్చిన ఫలితాలు చూడండి. 70 శాతం పైన పూడిక ఉండి లక్షణాలు లేని వాళ్లనే తీసుకున్నారు, అందరికీ గట్టి మందులిచ్చారు, ఒక పరీక్షలో సగం మందికి అదనంగా స్టెంట్, రెండో పరీక్షలో సగం మందికి అదనంగా ఆపరేషన్. నాలుగేళ్లలో స్ట్రోక్ (మొదటి రోజుల మరణాలూ కలిపి) స్టెంట్ పరీక్షలో మందుల వాళ్లకి 6.0 శాతం, స్టెంట్ వాళ్లకి 2.8 శాతం. ఆపరేషన్ పరీక్షలో మందుల వాళ్లకి 5.3, ఆపరేషన్ వాళ్లకి 3.7, ఈ తేడా కాకతాళీయమూ కావచ్చు.

స్టెంట్ గెలిచింది కాబట్టి వేయించేసుకుందాం అనుకునే ముందు రెండు సంగతులు. ఒకటి, అవి రెండూ వేర్వేరు పరీక్షలు, స్టెంట్‌నీ ఆపరేషన్‌నీ ఎదురెదురుగా పెట్టి పోల్చలేదు. రెండోది, అక్కడ స్టెంట్ వేసిన డాక్టర్లని ముందే జల్లెడ పట్టి ఎంచుకున్నారు, నాళం వంకర టింకరగా ఉన్న పేషెంట్లని పక్కన పెట్టారు. ఆ లెక్క ప్రకారమే చూసినా నాలుగేళ్లలో ఒక్కరికి మేలు జరగడానికి సుమారు 31 మందికి స్టెంట్ వేయాలి, మందుల మీదే ఉన్నవాళ్లలో వందకి 94 మందికి ఇవేవీ కాలేదు. అంటే రెండు దారులూ తప్పు కావు. కనీసం ఐదేళ్లు బతికే అవకాశం బాగా ఉండి, చేసే డాక్టర్ దగ్గర స్ట్రోక్, మరణం రెండూ కలిపి 3 శాతం లోపు ఉంటేనే ఈ గుంపులో చేయడం సమంజసం అని చాలాకాలంగా ఉన్న నియమం. అది ఇప్పటికీ సరైనదే అని నా అభిప్రాయం.

చేయించుకోవడం వైపు మొగ్గాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఆరు నెలలకీ ఏడాదికీ స్కాన్‌లో పూడిక పెరుగుతూ పోతోంది, ఎంఆర్‌ఐలో పూడిక లోపల రక్తస్రావం కనపడింది, లేదా లక్షణం తెలియకపోయినా మెదడు స్కాన్‌లో ఆ వైపు పాత స్ట్రోక్ మచ్చలున్నాయి. ఇవి ఉంటే "లక్షణాలు లేవు" అన్న మాటకి బలం తగ్గినట్టే.

ఆపరేషనా, స్టెంటా

ఎండార్టరెక్టమీ అంటే మెడ పక్కన గాటు పెట్టి, నాళానికి తాత్కాలికంగా బిగింపు వేసి, తెరిచి, పూడికని గోడ నుంచి ఒలిచి తీసేసి, ఎక్కువగా ఒక అతుకు వేసి కుట్టేయడం. 1950ల నుంచి చేస్తున్నారు, 70 ఏళ్ల అనుభవం ఉన్న పని. మత్తు పూర్తిగా ఇచ్చినా, మెడ వరకే ఇచ్చినా ఫలితం ఒకేలా ఉంటుందని 2008లో గాలా అనే పెద్ద పరీక్ష తేల్చింది, కాబట్టి దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. స్టెంట్ అంటే తొడ దగ్గర నుంచో మణికట్టు నుంచో సన్న గొట్టం పంపి, పూడిక దాటాక ఒక చిన్న వడపోత గొడుగు తెరిచి, జాలీ గొట్టాన్ని అక్కడ విప్పడం. గాటు లేదు, మనిషి మెలకువగానే ఉంటాడు. చూడటానికి ఇదే తేలిక, అందుకే అందరికీ ఇదే నచ్చుతుంది.

కానీ తేలిక అంటే క్షేమం అని కాదు. గొడుగు తెరవకముందే తీగ ఆ మెత్తని పూడిక మీదుగా దూరి వెళ్లాలి, దానికి ముందు గుండె పైనున్న బృహద్ధమని వంపు దాటాలి. ముక్కలు ఊడేది ఆ ప్రయాణంలోనే. 2010 నాటి క్రెస్ట్ పరీక్షలో 2502 మందిని తీసుకుంటే, చేసిన మొదటి నెలలో స్ట్రోక్ స్టెంట్‌లో 4.1 శాతం, ఆపరేషన్‌లో 2.3 శాతం. గుండెపోటు దగ్గర లెక్క తిరగబడింది, స్టెంట్‌లో 1.1, ఆపరేషన్‌లో 2.3. మొత్తం కలిపితే సమానం అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేను ఆగను. ఏడాది తర్వాత వాళ్ల జీవితం ఎలా ఉందో అడిగితే, చిన్న స్ట్రోక్ వచ్చిన వాళ్లు కూడా బాగా వెనకబడి ఉన్నారు, గుండెపోటు వచ్చిన వాళ్లలో అంత తేడా స్పష్టంగా కనపడలేదు. మనం ఈ పని చేయించుకునేదే స్ట్రోక్ తప్పించుకోవడానికి కాబట్టి నా దృష్టిలో ఆ రెండు అంకెలూ సమానం కావు. అదే పరీక్షలో 70 ఏళ్లు అటూ ఇటూగా గీత పడింది, అంతకన్నా చిన్నవాళ్లకి స్టెంట్ కొంచెం మెరుగు, పెద్దవాళ్లకి ఆపరేషన్ మెరుగు. వయసుతో నాళాల వంపులు ముడతలు పడి గట్టిపడతాయి, గొట్టం సాఫీగా వెళ్లదు.

లక్షణాలు లేని వాళ్లలో రెంటినీ ఎదురెదురుగా పోల్చింది 2021లో వచ్చిన ఏసీఎస్‌టీ-2, 3625 మందితో. మనిషిని మంచాన పడేసే స్ట్రోక్ గానీ మరణం గానీ రెంటిలోనూ 1 శాతం దగ్గరే. చిన్న స్ట్రోక్ మాత్రం స్టెంట్‌లో 2.7, ఆపరేషన్‌లో 1.6. మొదటి నెల దాటేశాక రెండూ ఏళ్ల తరబడి సమానంగా కాపాడతాయి, మళ్లీ పూడిపోవడం కూడా క్రెస్ట్‌లో రెండేళ్లకి రెంటిలో దాదాపు 6 శాతమే. అంటే తేడా అంతా మొదటి నెలలోనే, అంటే చేసే చేతిలోనే.

ఆపరేషన్‌కి ఉన్న ప్రత్యేకమైన బాధ నరాలు. మెడలో నాలుకకి, గొంతుకి, పెదవి మూలకి వెళ్లే నరాలు ఆ నాళాన్ని ఆనుకునే ఉంటాయి. క్రెస్ట్‌లో 4.7 శాతం మందికి వాటిలో ఏదో ఒకటి దెబ్బతింది, ఎక్కువమందికి నెలల్లో సర్దుకుంటుంది. గొంతుతోనే బతుకుతెరువు ఉన్నవాళ్లు, అంటే పాడేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, ఈ సంగతి సర్జన్‌కి ముందే చెప్పాలి.

స్టెంట్ వైపు మొగ్గాల్సిన వాళ్లు: మెడకి రేడియేషన్ ఇప్పించుకున్న వాళ్లు, అదే వైపు ఇదివరకే ఆపరేషన్ అయిన వాళ్లు, పూడిక దవడ ఎముక వెనక మరీ పైన ఉన్నవాళ్లు, గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లు, రెండో వైపు స్వరపేటిక నరం ఇప్పటికే పోయినవాళ్లు. ఆపరేషన్ వైపు మొగ్గాల్సిన వాళ్లు: 70 దాటినవాళ్లు, లక్షణం వచ్చి వారం కూడా కానివాళ్లు, నాళం చుట్టూ సున్నం గట్టిగా పట్టినవాళ్లు, రెండు మందులు కలిపి వాడితే రక్తస్రావం అయ్యే కడుపు పుండ్లలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు. స్టెంట్ వేస్తే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి కనీసం నెల రోజులు తప్పనిసరి కదా మరి. దగ్గర్లో ఇంకేదైనా ఆపరేషన్ ఉండి ఆ మందులు ఆపాల్సి వచ్చేట్టయితే అది కూడా ముందే చెప్పండి.

ఈ రెండింటి మధ్య టీకార్ అని మూడోది ఉంది. మెడ అడుగున చిన్న గాటు పెట్టి, మెదడు వైపు వెళ్లే ప్రవాహాన్ని కాసేపు వెనక్కి మళ్లించి అప్పుడు స్టెంట్ వేస్తారు, బృహద్ధమని వంపు దాటే పని ఉండదు. ఆలోచన బాగుంది, నమోదైన కేసుల ఫలితాలు బాగున్నాయి.

ఏది ఎంచుకున్నా మందులు పోవు

"ఆపరేషన్ అయింది కదా, ఇక మాత్రలెందుకు" అనే మాట వినగానే నాకు భయం వేస్తుంది. ఒలిచింది రెండంగుళాల నాళాన్నే. అదే జబ్బు గుండె నాళాల్లోనూ ఉంటుంది, మెడ పూడిక ఉన్నవాళ్లు గుండెపోటుతో పోవడం తక్కువేమీ కాదు.

మందులు అంటే ఆస్పిరిన్ ఒక్కటే కాదు. జీవితాంతం రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర ఒకటి. లక్షణం వచ్చిన కొత్తలో, మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాక, మూడు వారాల పాటు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా ఇస్తారు, ఆ తర్వాత ఒకటి తీసేస్తారు. ఆ రెండోది ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాయించుకోండి, చాలామంది ఏళ్ల తరబడి రెండూ వేసుకుంటూ రక్తస్రావం తెచ్చుకుంటారు. స్టాటిన్ గట్టి మోతాదులో, అటోర్వాస్టాటిన్ అయితే 40 నుంచి 80 మిల్లీగ్రాములు, చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 70 కిందకి రావాలి, రాకపోతే ఎజెటిమైబ్ కలుపుతారు. రిపోర్టులో 100 లోపు ఉంది, నార్మల్ అని రాసి ఉంటే మోసపోకండి, ఆ నార్మల్ ఆరోగ్యవంతులది. బీపీ 130/80 లోపు. షుగర్ అదుపులో. పొగ తాగేవాళ్లు మానకపోతే పైన చెప్పిన అంకెలేవీ వాళ్లకి వర్తించవు, ఇది మెత్తగా చెప్పడం నాకు రాదు. క్రెస్ట్-2లో మందుల గుంపు అంత బాగా ఉండటానికి కారణం మాత్రలు రాసివ్వడం కాదు, ఎల్‌డీఎల్, బీపీ లక్ష్యం చేరేదాకా వదలకుండా వెంటపడటం. మీరు మందుల దారి ఎంచుకుంటే ఆ వెంటపడే పని మీదే.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి

మీరు గానీ మీ టీమ్ గానీ ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, అందులో నెల లోపు స్ట్రోక్ గానీ మరణం గానీ ఎంతమందికి అయింది అని నేరుగా అడగండి. లక్షణాలు వచ్చిన వాళ్లలో 6 శాతం లోపు, రానివాళ్లలో 3 శాతం లోపు ఉండాలి. లెక్క పెట్టుకునే డాక్టర్ వెంటనే చెప్తారు. నాకు ఒకచోట "అవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం కదా" అన్న జవాబు వచ్చింది, అక్కడి నుంచి ఫైలు తీసుకుని వచ్చేశాం. రెండోచోట సర్జన్ గత మూడేళ్ల లెక్క కాగితం మీద రాసి చూపించారు, వచ్చిన ఇద్దరి స్ట్రోక్‌లు ఎలా వచ్చాయో కూడా దాచకుండా చెప్పారు. స్టెంట్ మాత్రమే వేసే డాక్టర్‌ని స్టెంటా ఆపరేషనా అని అడిగితే వచ్చే జవాబు మీకు ముందే తెలుసు, కాబట్టి నిర్ణయం ఒక న్యూరాలజిస్ట్ మధ్యలో ఉండి చెప్పేలా చూసుకోండి.

నాన్నకి ఎడమ వైపు 80 శాతం, వయసు 71, లక్షణం తాజాది. న్యూరాలజిస్ట్ ఆపరేషన్ అన్నారు, తొమ్మిదో రోజున అయింది. రెండు నెలలు గొంతు బొంగురుగా ఉంది, తర్వాత తేరుకుంది. ఇంటికొచ్చాక మాకు గట్టిగా చెప్పింది బీపీ గురించి: ఏళ్లుగా తక్కువ రక్తానికి అలవాటు పడ్డ మెదడులోకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం వస్తుంది, బీపీ పెరిగితే ఆ వైపు విపరీతమైన తలనొప్పి, ఫిట్స్, రక్తస్రావం దాకా పోవచ్చు. మొదటి నెల పొద్దున సాయంత్రం బీపీ చూసి నోట్‌బుక్‌లో రాశాను. స్టెంట్ వేసిన వాళ్లలో దీనికి తోడు మొదటి ఒకటి రెండు రోజులు బీపీ, నాడి బాగా పడిపోవడం కూడా ఉంటుంది, అక్కడ బీపీని పసిగట్టే పీడన గ్రాహకాల మీద స్టెంట్ ఒత్తిడి వల్ల. మెడ గాటు దగ్గర వాపు వేగంగా పెరిగినా, ఊపిరి కష్టమైనా ఫోన్ చేసి అడగడం కాదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మూతి వంకర, చెయ్యి జారడం, మాట ముద్ద, వీటిలో ఏది మళ్లీ కనపడినా సరే, తగ్గిపోయినా సరే, గడియారం చూసి టైం గుర్తుపెట్టుకుని వెంటనే బయల్దేరండి, గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే. మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. స్ట్రోక్ వైద్యం 24 గంటలూ ఉండే ఆస్పత్రి నంబరు, నాన్న మందుల పేర్లు, ఆపరేషన్ తేదీ, తర్వాతి డాప్లర్ తేదీ.